గొడ్డలి కంటే ముందు గోరు

పోయిన ఆదివారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పార్కు గోడ పక్కనున్న రెండు వేపచెట్లు. కొనలన్నీ మాడిపోయి, ఎవరో పైనుంచి మంట చూపించి వెళ్ళినట్టున్నాయి. కింద ఒకటే వాక్యం: "ఇవి చచ్చిపోయినయి, పిల్లలు ఆడుకునే చోటు, కార్తీక పున్నమి లోపల తీసేయిద్దాం." అరగంటలో పదిహేడు మంది బొటనవేలు చూపించారు. ఆ తర్వాత ఇంకొకరు మందు కొట్టేవాళ్ళ నంబరు పెట్టి, చెట్టుకింత అని తీసుకుంటారు, పంపు కూడా వాళ్ళే తెచ్చుకుంటారు అని రాశారు. దానికీ బొటనవేళ్ళు పడ్డాయి. రెండింటికీ ఊ అన్నవాళ్ళు చాలామంది వాళ్ళే.

నాకు వాళ్ళమీద కోపం రాలేదు. 2021లో నేనూ ఇంతే. ఆ సంగతి చెప్పకుండా మిగతాది రాయడం సరికాదు, అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

హనుమకొండలో మా ఇంటి ముందున్న వేపను బాపు నాటాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఎక్కడినుంచో పాలసంచిలో మొక్క తెచ్చి, ముళ్ళకంప కట్టి పెంచాడు. ఇప్పుడు దాని మాను నా రెండు చేతుల్లో ఇమడదు. 2021 మే నెలలో బాపు పోయాడు. ఆ ఏడు ఎట్లా గడిచిందో అందరికీ తెలిసిందే. సెప్టెంబరులో వేప కొనలు మాడటం మొదలైంది. బతుకమ్మ నాటికి పై సగం, దీపావళికి చెట్టంతా. వేప ఆకు రాల్చడం మనకు కొత్త కాదు. కానీ అది శివరాత్రి చుట్టుపక్కల జరిగే పని. ఆకు పసుపుపచ్చగా తిరిగి, వాకిలంతా రాలి, నాలుగు రోజులు తిరిగేసరికి రాగిరంగు చిగురు తొడుగుతుంది. ఇది అట్లా లేదు. ఆకు రాలకుండా రెమ్మకే వేలాడుతూ మాడిపోయింది. ముట్టుకుంటే పొడిపొడి. హైదరాబాద్ నుంచి మా చుట్టాలు ఫోన్ చేసినా అదే మాట, కరీంనగర్ నుంచి చేసినా అదే మాట. "వేపకు సుత కరోనా వచ్చిందట" అని మా వీధిలో అనుకున్నారు.

నేను ఆ చెట్టును చూడలేకపోయాను. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా ఎండిన చెట్టు, వెనక్కి తిరిగితే గోడమీద బాపు ఫొటో. తీసేయిస్తే పోతుందనిపించింది. కట్టె కొట్టే పెద్దమనిషికి ఫోన్ చేశాను.

ఆయన తాడు, గొడ్డలి, ఒక పిల్లగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. చెట్టు చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. ఎక్కలేదు. చేతికందిన కొమ్మను కిందికి వంచి, బొటనవేలి గోరుతో బెరడు గీకాడు. బూడిదరంగు పొర లేచిపోయి, దానికింద పెసరపచ్చ గీత బయటపడింది. తడిగా మెరుస్తోంది. గోరుకు అంటిన ఆ పచ్చటి తడిని నా మొహం ముందు పెట్టాడు.

"ఎండుకట్టె అన్నవ్ గద బిడ్డా ఫోన్ల. ఇది పచ్చి మాను. ఎండుదైతే మూడు వేలకు ఒప్పుకుంటి. పచ్చిదంటే బరువుంటది, ఇంకో మనిషి కావాలె. ఐదు వేల ఐదు వందలు."

ఆయన తన కూలి మాట తాను చెప్పాడు, అంతే. చెట్టును కాపాడమని ఒక్క ముక్క అనలేదు. నేనే నిచ్చెన తెప్పించి ఎక్కాను. చిటికెనవేలి మందం రెమ్మలు గీకితే లోపలా గోధుమరంగే, ఎండిపోయాయి. ఇంకో రెండడుగులు వెనక్కి వచ్చి, బొటనవేలి మందం దగ్గర గీకితే పచ్చ. మణికట్టు మందం దగ్గర గీకితే ఇంకా పచ్చ. అంటే మూడంతస్తుల చెట్టులో చచ్చింది చివరి రెండు మూడు అడుగులే. మనకు కిందినుంచి కనిపించేవి ఆ చివరలే గనక చెట్టంతా చచ్చిందనుకున్నాం. ఆయనకు వచ్చిపోయిన ఖర్చులిచ్చి పంపించాను.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అనే సామెతను చిన్నప్పటినుంచి విన్నాను. అది చెట్టు విషయంలో అక్షరాలా పనికొస్తుందని ఆరోజు తెలిసింది. నేను చెప్పదలచుకున్నది కూడా అదే. చెట్టుకు చీడో తెగులో కనిపించగానే మనకు తోచేవి రెండు కొట్టడాలు: మందు కొట్టడం, చెట్టు కొట్టడం. రెండూ ఒక్క పూటలో అయిపోతాయి, ఏదో చేశామన్న తృప్తి ఇస్తాయి. చెట్టుకు మాత్రం ఆ రెండిటికంటే ముందు కావలసినవి ఉన్నాయి. దాన్ని దగ్గరికెళ్ళి చూడాలి, దాని మొదలు చుట్టూ మట్టి ఇవ్వాలి, ఒక రుతువు గడవనివ్వాలి.

చేదు చెట్టుకు దోమ

వేపకు తెగులేమిటి అని అప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. నేనూ పోయాను. బియ్యం డబ్బాలో వేపాకు వేస్తాం, పైరుమీద వేపనూనె కొడతాం, అమ్మవారు పోస్తే పక్కమీద వేపరెమ్మలు పరుస్తాం. వేపనూనెతో బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతి మీద 1994లో ఐరోపాలో ఒక అమెరికా కంపెనీకీ, ఆ దేశ వ్యవసాయ శాఖకూ పేటెంటు ఇస్తే మన దేశంవాళ్ళు పోరాడారు. అది 2000లో రద్దయింది, 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. బూజును చంపే నూనె ఇచ్చే చెట్టుకే బూజు పట్టిందంటే నమ్మబుద్ధి కాదు.

కానీ అది కొత్త బూజు కాదు. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అని 1990ల్లోనే శాస్త్రవేత్తలు దానికి వేపపేరే పెట్టారు, వేప శాస్త్రీయ నామం అజాడిరాక్టా. రెమ్మ కొనల్లో మొదలై వెనక్కి పాకుతుంది. వానచినుకులతో చెదురుతుంది, కాయకు పడితే కాయ కుళ్ళుతుంది, గింజ ద్వారా కూడా పోతుంది. దానికి తోడు టీ దోమ. పేరు దోమే గానీ మనల్ని కుట్టేది కాదు. శ్రీకాకుళం వైపు జీడిమామిడి రైతులకు బాగా తెలిసిన పురుగు, జామనూ వదలదు. ఆ నవంబరులో మా మేడమీదికి వంగిన కొమ్మమీద ఒకదాన్ని పట్టుకుని చూశాను. పెద్ద చీమంత ఒళ్ళు, ఒంటికి మించిన మీసాలు, ఎర్రటి ఛాతీ. వీపుమీద గుండుసూది గుచ్చినట్టు నిటారుగా ఒక ముల్లు, దాని చివర చిన్న గుండు. ఆ ముల్లును ఒకసారి చూస్తే ఇంకే పురుగుతోనూ పొరబడం. అది కూర్చున్న లేత కాడమీద ఆవగింజంత నల్లమచ్చలు వరసగా ఉన్నాయి, ఒక మచ్చలోంచి బంక చుక్క కారి గట్టిపడింది.

వేప చేదు దాన్ని ఎందుకు ఆపలేదు? వేపలో పురుగుకు పడని పదార్థం, అజాడిరాక్టిన్, గింజలో దండిగా ఉంటుంది, ఆకులో తక్కువ. అది ముఖ్యంగా ఆకు నమిలే పురుగుల ఆకలిని, ఎదుగుదలను చెడగొడుతుంది. టీ దోమ నమలదు. సూదిలాంటి మూతిని లేత కాడలో దించి రసం పీలుస్తుంది, దాని ఉమ్మి తగిలినచోట కణాలు మాడిపోతాయి. పైగా బూజుకైనా దోమకైనా కావలసింది లేత కొనే. ముదురు కొమ్మ జోలికి, మాను జోలికి అవి సామాన్యంగా పోవు. ఆ మానులో, వేళ్ళలో చెట్టు ఏళ్ళ తరబడి దాచుకున్న తిండి ఉంటుంది. తేమ తగ్గి, ఎండలు ముదిరితే బూజు జోరు తగ్గుతుంది, చెట్టు ఆ దాపుడు తీసి మళ్ళీ చిగురు వేస్తుంది. అప్పట్లో మన వ్యవసాయ శాస్త్రవేత్తలు కంగారుపడొద్దు, చెట్లు కొట్టొద్దు, మళ్ళీ చిగురిస్తాయి అని చెబుతూనే ఉన్నారు. ఆ మాట పత్రికల్లో కూడా వచ్చింది. ఎండిన చెట్టు ఫొటో తిరిగినంత వేగంగా ఆ మాట తిరగలేదు.

ఎదురింటి చెట్టు

ఇక్కడ నా వాదానికి ఎదురు వాదం ఒకటుంది, అది మా ఎదురింట్లోనే ఉంది.

ఎదురింటి సారు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. వాళ్ళింటి ముందూ వేపే. ఆయన నాలాగా ఊరుకోలేదు. శాస్త్రవేత్తలు చెప్పిన వరస ప్రకారం చేయించారు. అందినంత మేర ఎండు రెమ్మలు కత్తిరించడం, కార్బెండజిమ్ అనే బూజుమందు కలిపిన నీళ్ళతో పాదు తడపడం, వారానికి ఆకులమీద ఇంకో బూజుమందు, ఆ తర్వాత దోమకు ప్రొఫెనోఫాస్. ఖర్చుకు వెనకాడలేదు. ఫిబ్రవరి చివర ఆయన చెట్టు చిగురించింది. నేను ఏ మందూ కొట్టని మా చెట్టు కూడా అదే వారంలో చిగురించింది.

"నేను మందు కొట్టినందుకు దోమ తగ్గింది, మీ చెట్టు బతికింది" అంటారు సారు. కొట్టిపారేయలేను. రోడ్డు వెడల్పు ఇరవై అడుగులు, దోమకు అదెంత దూరం? రెండు చెట్లతో ఏదీ రుజువు కాదు. ఆయన నన్ను ఒప్పించలేరు, నేను ఆయన్ను ఒప్పించలేను. అయినా ఆ మందు కొట్టిన రోజు నా కళ్ళముందు ఇంకా ఉంది. నలభై అడుగుల చెట్టుకు కిందినుంచి పంపుతో కొడితే సగం మందు కొమ్మలకు తగలదు. గాలికి చెదిరి మా దండెంమీది బట్టలమీద పడింది, మూతలేని మా నీళ్ళ తొట్టిలో పడింది. ఆ కుర్రవాడు మొహానికి తువ్వాల చుట్టుకున్నాడు, చేతులకు ఏమీ లేవు. ప్రొఫెనోఫాస్ పొలంలో కొట్టేటప్పుడే జాగ్రత్తలు చెప్పే మందు. ఇళ్ళ మధ్య, బడికి పోయే పిల్లల నెత్తిమీద కొట్టడం నాకు మింగుడుపడలేదు.

మొక్కల విషయం వేరు. నర్సరీలో గానీ, రోడ్డు పక్క కొత్తగా నాటిన నాలుగడుగుల వేపమొక్కకు గానీ ఈ తెగులు వస్తే దానికి దాచుకున్న తిండి లేదు, ఉన్నదే కొనలు. కొన పోతే మొక్క పోయినట్టే. అక్కడ కత్తిరించడం సాధ్యం, మందుతో తడపడం సాధ్యం, కొట్టాలి కూడా. నేను కాదనేది మూడంతస్తుల చెట్టును కలుపుమొక్కలా చూడటాన్ని.

అన్ని వేపలూ తిరిగి లేచాయని కూడా నేను చెప్పను. మా వీధి మలుపులో కిరాణా కొట్టు ముందున్న వేప లేవలేదు. శివరాత్రి పోయింది, ఉగాది పోయింది, వైశాఖం వచ్చినా మోడుగానే ఉంది. గోరుతో గీకితే కింది కొమ్మలోనూ గోధుమరంగే. తెగులు ఒకటే, దోమ ఒకటే, వీధి ఒకటే. అది ఎందుకు పోయింది, మాది ఎందుకు నిలిచింది అని చాలా రోజులు ఆలోచించాను. జవాబు ఆ చెట్టు మొదట్లో దొరికింది.

మొదట్లో ఏముందో

ఆ చెట్టు చుట్టూ కొట్టుముందు టైల్స్ పరిచారు. మానుకు ఆనించి మరీ పరిచారు. అంతకు ఏడాది ముందు మురికికాలువ పని చేసినవాళ్ళు ఒకవైపు వేళ్ళు గునపంతో తెగగొట్టారు. ఇంకోవైపు రోజూ అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు పోగేసి తగలబెట్టేవాళ్ళు, ఆ పక్క బెరడు జానెడు వెడల్పున నల్లబడి పగిలిపోయింది. ఫ్లెక్సీలు కట్టడానికి కొట్టిన మేకులు లెక్కపెట్టాను, ఇరవై ఒకటి. ఒక చుట్టు ఇనుపతీగె మానులోకి దిగబడిపోయి కనిపించకుండా ఉంది. కొట్టిన తర్వాత రంపం దానికి తగిలి పళ్ళు విరిగితే అప్పుడు బయటపడింది.

అట్లాంటి చెట్టుకు కొనలు పోయాక మళ్ళీ చిగురు పెట్టడానికి లోపల ఏం మిగిలుంటుంది? తెగులు దాన్ని చంపిందని అందరూ అన్నారు. నా లెక్కలో తెగులు చివరి దెబ్బ మాత్రమే.

చెట్టు వేళ్ళంటే పాతాళందాకా దిగుతాయని అనుకుంటాం. నీరు, తిండి పీల్చే సన్నవేళ్ళు ఎక్కువభాగం పైన మోకాలి లోతు మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి బయటికి కూడా పరుచుకుంటాయి. వాటికి నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. సిమెంటు వేస్తే రెండూ ఆగిపోతాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీ చెట్ల విషయంలో మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని ఆదేశించింది. మన వీధుల్లో ఇప్పటికీ వేపచెట్టుకు గద్దె కట్టడం అంటే మెడకు సిమెంటు పట్టీ వేయడమే.

మా చెట్టుకూ బాపు గద్దె కట్టించాడు, ప్రేమతోనే. సాయంత్రం అక్కడ కూర్చుని పేపరు చదివేవాడు. 2022 ఎండాకాలంలో దాన్ని పగలగొట్టించాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కింద మట్టి ఇటుకలా బిగిసిపోయి ఉంది, పార దిగలేదు. మెల్లగా పైపైన గుల్లచేసి, మాగిన పేడ ఎరువు వేసి, మానుకు దూరంగా, కొమ్మల అంచు కింద నీళ్ళు పెట్టాను. వారానికొకసారి, నిండుగా. రోజూ చెంబెడు పోస్తే పైమట్టే తడుస్తుంది. ఆ తర్వాత మూడేళ్ళు కొనలు మాడుతూనే వచ్చాయి, కానీ ఒక్కో ఏడు కొంచెం తక్కువ. దోమ తగ్గిందా, చెట్టుకు బలం వచ్చిందా, వానలు తేడాగా పడ్డాయా, విడదీసి చెప్పలేను.

ఇంకో సంకటం కూడా ఉంది. రాలిన ఆకును ఊడ్చి కాల్చొద్దు, చెట్టు కిందే ఉండనివ్వండి అని నేను అందరికీ చెబుతుంటాను. అదే దానికి ఎరువు, అదే తడి నిలిపేది. కానీ తెగులు తగిలిన రెమ్మల్లో బూజు విత్తులు ఉంటాయి, వాటిని కిందే వదిలితే మళ్ళీ వానకు లేస్తాయి. అందుకని ఇప్పుడు మంచి ఆకును కింద పరుస్తాను, మాడిన రెమ్మలు ఏరి దూరంగా గుంటలో పూడుస్తాను. ఓపిక కావలసిన పని. ఇద్దరు మనుషులకు ఒక పూట పడుతుంది.

చూడ్డానికి భయంగా ఉండి చెట్టుకు పెద్దగా చేటు చేయనివీ ఉన్నాయి, వాటికి కూడా మనం మందు పోస్తాం. కానుగ ఆకునిండా బుడిపెలు లేస్తాయి, కంటికి కనిపించని నల్లి చేసే పని. ఆకు అసహ్యంగా ఉంటుంది, చెట్టు మాత్రం దిట్టంగా ఉంటుంది. మానుమీద చెదల మట్టి పేరుకోగానే "చెట్టును తినేస్తున్నాయి" అని కిరసనాయిలు పోస్తారు. ఆ మట్టి చేత్తో దులిపి చూడండి. చాలాసార్లు చెద తినేది పైన ఎండిన బెరడునే. కిరసనాయిలు మాత్రం కింద బతికున్న బెరడును కూడా కాల్చేస్తుంది. చెద నిజంగా లోపలికి దిగిందంటే అక్కడ అప్పటికే ఏదో చచ్చిందని అర్థం. మంటో, మేకో, విరిగిన కొమ్మో దానికి దారి ఇచ్చి ఉంటుంది.

సెలైన్ సీసాలు

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ విరిగిపడింది. లోపల చెద గుల్ల చేసేసింది. 2018లో ఆ మర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదను చంపే క్లోరిపైరిఫాస్ మందు కలిపిన నీళ్ళను చుక్కచుక్కగా లోపలికి ఎక్కించారు. ఆసుపత్రిలో రోగిలా చెట్టు కనిపించిన ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. మా అమ్మ ఆ ఫొటో చూసి దండం పెట్టింది.

ఆ వైద్యం తప్పని నేననను. చెద అంత లోపలికి పోయాక పైన పోసిన మందు అందదు, చుక్కచుక్కగా ఎక్కించడం ఒక దారి. నా బాధ ఏమిటంటే సీసాలే అందరికీ గుర్తున్నాయి, మిగతా పనులు కాదు. జనాన్ని లోపలికి రానివ్వకుండా ఆపారు, వాలిన కొమ్మలకు ఆనుగా దిమ్మెలు కట్టారు. మర్రి ఊడ మట్టిని తాకితే అదే స్తంభమై కొమ్మను మోస్తుంది, దాన్ని తాకనిస్తే చాలు. ఆ చెట్టుకింద నేనూ చిన్నప్పుడు బడి టూర్‌లో ఊడలు పట్టుకుని ఊగాను. మా టీచర్లు వద్దనలేదు, మాతోపాటు ఫొటో దిగారు. ఏళ్ళ తరబడి వేలమంది కాళ్ళు ఆ మట్టిని తొక్కి బిగించాయి, వేల చేతులు ఆ ఊడలను లాగాయి. వాటిలో నావీ ఉన్నాయి.

మందు పెట్టవలసిన చోటు

మందుకు నేను విరోధిని కాను. ఎక్కడ, ఎంత అన్నదే నా గొడవ.

కొమ్మ కోసినచోట పూసే బోర్డో పేస్టు నేనే కలుపుతాను. వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, వంద గ్రాముల కొత్త రాతిసున్నం ఇంకో అర లీటరులో, వేరువేరు ప్లాస్టిక్ బకెట్లలో. ఇనుప బకెట్ పనికిరాదు, తుత్తం దాన్ని తినేస్తుంది. రెండూ నిండా కరిగాక తుత్తం నీళ్ళను సున్నంలో మెల్లగా పోస్తూ కర్రతో తిప్పాలి. శుభ్రమైన ఆకాశం రంగు వస్తుంది. అప్పుడు మెరిసే చాకు ఒకటి అందులో నిమిషం ముంచి తీయాలి. చాకుమీద ఎర్రటి రాగిపూత కనిపిస్తే తుత్తం ఎక్కువైనట్టు, ఇంకాస్త సున్నం కలపాలి. పూత లేకపోతే సరిగ్గా కుదిరినట్టు. ఆరోజు కలిపింది ఆరోజే వాడాలి. పాత కుంచెతో కోతమీద పూస్తే వానకు బూజు దిగదు. ఇంట్లో సామానుతో అయిపోయే పని, గాలిలో చెదిరేది ఏమీ లేదు.

కోత కూడా తెలిసి కోయాలి. కొమ్మ మానును కలిసేచోట ఉబ్బెత్తుగా ఒక కడియం ఉంటుంది, దాన్ని వదిలి దానికి అవతల కోయాలి. జానెడు మొండి ముక్క వదిలేస్తే అది కుళ్ళి లోపలికి దారి ఇస్తుంది. మానుకు సమంగా చెక్కేస్తే కడియం పోయి గాయం మూసుకోదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను కోసి చూసి చెప్పిన సంగతి ఇది: చెట్టు గాయం మన గాయంలా మానదు, చెట్టు దాని చుట్టూ గోడ కట్టుకుని పక్కనుంచి కొత్త కట్టె పెంచుకుంటుంది. ఆ గోడ కట్టే చోటునే మనం కోసేస్తున్నాం. మా వీధిలో తీగలకు అడ్డమని ఏటా కొమ్మలు నరికి పోయేవాళ్ళ కోతలు చూస్తే ఒక్కటి కూడా కడియం దగ్గర లేదు.

తురాయి, జామ, నేరేడు మానులమీద బెరడు తినే పురుగు ఉంటుంది. రంపపు పొట్టు, పట్టుదారం కలిపి అల్లిన గోధుమరంగు పట్టీ మానుమీద వంకరటింకరగా కనిపిస్తుంది. దాన్ని చీపురుతో తుడిచేసి, పట్టీ ఎక్కడ ఆగిందో అక్కడ చూస్తే పెన్సిలు పట్టేంత రంధ్రం. పురుగు పగలు అందులో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. సైకిలు తీగె లోపలికి పొడిచి, పెట్రోలులో తడిపిన దూదిపింజ దూర్చి, బంకమట్టితో మూసేస్తే సరిపోతుంది. చెట్టంతా తడపనవసరం లేదు.

కొన్నిచోట్ల మందు కొట్టకపోవడమే వైద్యం. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి బయటపడింది. మల్బరీ, టేకు, మందార, దొరికినదల్లా తెల్లపిండిలా కప్పేసింది. మందులు కొట్టి విసిగిపోయాక, 2010లో ప్యూర్టోరికో నుంచి దాని సహజ శత్రువు, ఆవగింజకన్నా చిన్న కందిరీగను తెచ్చి వదిలారు. కొద్దికాలంలోనే నల్లి అదుపులోకి వచ్చింది. గోదావరి జిల్లాల కొబ్బరికి పట్టిన సర్పిలాకార తెల్లదోమకూ ఎన్‌కార్సియా అనే అట్లాంటి చిన్న కందిరీగే విరుగుడు. విషపు మందు కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగే.

కొట్టించిన చెట్టు

ఇదంతా చదివి నేను ఏ చెట్టునూ కొట్టనివ్వనని అనుకోవద్దు. అట్లా ఉండి ఒకసారి పెద్ద తప్పు చేశాను.

మా పార్కులో ఎర్ర తురాయి ఉండేది. 2023 వానాకాలంలో దాని మొదట్లో, నేలకు జానెడు ఎత్తున, లక్కరంగు పూసినట్టు మెరిసే గట్టి పుట్టగొడుగులు అరల్లా పుట్టాయి. గానోడెర్మా, వేళ్ళను కుళ్ళబెట్టే బూజు. పైన చెట్టు పచ్చగానే ఉంది, ఎండాకాలంలో నిండా పూసింది కూడా. కాలనీ సంఘంవాళ్ళు తీసేద్దామన్నారు. నేను అడ్డుపడ్డాను. గోరుతో గీకి పచ్చగా ఉంది చూడండి అని వాదించాను. నా గోరు చూసింది కొమ్మను, రోగం ఉన్నది వేళ్ళలో. మూడు వారాలు వాదన సాగింది. ఆ మధ్యలో ఒకరోజు సాయంత్రం గాలివానకు పెద్ద కొమ్మ విరిగి కింద నిలిపిన ఆటోమీద పడింది. ఆటోలో ఎవరూ లేరు. పది నిమిషాల ముందు అందులోంచి బడిపిల్లలు దిగారు.

బాగుచేయించిన ఖర్చులో సగం నేనిచ్చాను. ఆ ఆటో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. నీరు, భూమి, చెట్ల కోసం చేసిన వాల్టా చట్టం కింద అనుమతి తీసుకుని చెట్టు కొట్టించాం. మొదలు కోసి చూస్తే లోపల కట్టె లేదు, తడిసిన అట్టముక్కలా వేలితో గుచ్చితే దిగిపోయేది. గొడ్డలి వెనకవైపుతో మానుమీద తట్టి ఉంటే డొల్ల శబ్దం ముందే వినిపించేది. నేను తట్టలేదు.

కొనలు ఎండితే ఆగి చూడాలి, మొదట్లో పుట్టగొడుగు లేస్తే ఆగకూడదు. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టినందుకు ఆ పిల్లల మొహాలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. పార్కు వేపల ఫొటో చూడగానే నేను వద్దు అని వెంటనే రాయకపోవడానికి కారణం అదే. ముందు పోయి మొదలు చూశాను. పుట్టగొడుగు లేదు. తడితే గట్టి శబ్దం వచ్చింది. ఒకదాని చుట్టూ వాకింగ్ బాట రాళ్ళు మానును ఒరుసుకుంటున్నాయి.

2022 ఉగాదికి ఏప్రిల్ 2న మా వీధంతా వేపపువ్వు కోసం వెతుక్కుంది. చిగురు వచ్చింది గానీ చాలా చెట్లకు పువ్వు రాలేదు. మా చెట్టుకు దక్షిణం వైపు కొమ్మకు మాత్రం రెండు గుత్తులు వేసింది. అమ్మ చిన్న గిన్నెలోకి దులిపి, ఎదురింటి సారు వాళ్ళింటికి సగం పంపింది. బాపు పోయాక మొదటి ఉగాది, పచ్చడి చేయాలా వద్దా అని తటపటాయించి, చివరికి చేసింది.

నిన్న రాత్రి గ్రూపులో రాశాను: శివరాత్రి దాకా ఆగుదాం, ఈలోగా ఆ బాట రాళ్ళు మూడడుగులు వెనక్కి జరుపుదాం, ఖర్చులో నా వంతు ఇస్తాను, అప్పటికీ చిగురు రాకపోతే నేనే గొడ్డలివాళ్ళను పిలుస్తాను. నాలుగు బొటనవేళ్ళు వచ్చాయి. ఒకరు "ఈలోగా కొమ్మ పడితే?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఎండిన కొమ్మలు ఏవేవి ఉన్నాయో పైకెక్కి చూసి, పడేటట్టున్నవి కోయిద్దామని జవాబిచ్చాను.

కాసేపటికి ఎదురింటి సారు ఫోన్ చేశారు. "మేడం, కొత్తగా నాటిన వేపమొక్కలు కూడా ఉన్నయి అక్కడ, వాటికన్నా మందు కొట్టనిస్తరా?" అన్నారు. మొక్కలకైతే కొట్టాల్సిందే సార్ అన్నాను. ఆయన నిచ్చెన తెస్తానన్నారు, బోర్డో పేస్టు నేను కలపాలి. రేపు పొద్దున ఆరున్నరకు, ఎండ ఎక్కకముందే.